సర్టిఫికెట్ సరే, గైడ్‌ను ప్రశ్నించడం ఎవరు నేర్పుతారు?

ప్రజారోగ్య పరిశోధనలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఎథిక్స్ (నైతిక విలువల) శిక్షణ ఉండాలని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. సంతోషం. కానీ చాలాచోట్ల ఆ శిక్షణ అంటే ఆన్‌లైన్‌లో కొన్ని స్లైడ్లు, చివర ఓ క్విజ్, పాసైతే సర్టిఫికెట్. మనుషులపై పరిశోధనకు హద్దులు గీసిన పత్రాలు, న్యూరెంబర్గ్ నియమావళి 1947, హెల్సింకి ప్రకటన 1964, బెల్మాంట్ నివేదిక 1979... ఈ సంవత్సరాలు నోటికొస్తే చాలు. సర్టిఫికెట్ ప్రింట్ తీసి ఫైల్లో పెడితే ఆ ముచ్చట తీరిపోతుంది.

ప్రతి కోర్సులోనూ చెప్పే టస్కిగీ ఉదంతమే తీసుకుందాం. అమెరికాలోని అలబామాలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ అనే లైంగిక వ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు సరైన చికిత్స ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1940ల చివరికే దాన్ని నయం చేసే పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చినా ఇవ్వలేదు. అందుకే అన్నీ చెప్పి తీసుకునే సమ్మతి పత్రం ముఖ్యమని చెప్పి కోర్సు ఇక్కడితో ముగిస్తారు. నన్నడిగితే అసలు పాఠం ఇక్కడే మొదలవ్వాలి.

ఎందుకంటే ఆ అధ్యయనం రహస్యమేమీ కాదు. 1936 నుంచీ దాని ఫలితాలు వైద్య పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. 1965లో ఇర్విన్ షాట్జ్ అనే యువ హృద్రోగ నిపుణుడు అలాంటి ఒక వ్యాసం చదివి, మందు ఉండి కూడా ఇవ్వకపోవడం ఏమిటని రచయితలను నిలదీస్తూ ఉత్తరం రాశాడు. జవాబు లేదు. ఇలాంటి ఉత్తరం రావడం ఇదే మొదటిసారని, దీనికి బదులివ్వబోనని ఆ రచయితల్లో ఒకరు రాసుకున్న చీటీ తర్వాతెప్పుడో బయటపడింది. మరుసటి ఏడాది పీటర్ బక్స్‌టన్ పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. అతనేమీ పెద్ద శాస్త్రవేత్త కాదు, ప్రజారోగ్య విభాగంలో లైంగిక వ్యాధుల రోగులను ఇంటర్వ్యూ చేసే చిన్న ఉద్యోగి. 1968లో మళ్లీ రాశాడు. 1969లో నిపుణులు కూర్చుని చర్చించి, అధ్యయనం కొనసాగించాలనే తేల్చారు. చివరికి అతని ద్వారా విషయం విలేఖరులకు చేరి 1972 జులైలో వార్త వచ్చాక, నాలుగు నెలలు తిరక్కుండానే దాన్ని ఆపేశారు.

అక్కడ చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. న్యూరెంబర్గ్ నియమావళి వచ్చి అప్పటికే ఇరవై ఏళ్లు. కిందివాడు అడిగిన ప్రశ్నను పట్టించుకునే నాథుడే లేడు.

ఇక ఫీల్డుకు వెళ్దాం. సర్వేకు వచ్చిన ఓ కొత్త కుర్రాడికి సాయంత్రంలోగా ఇన్ని ఇళ్లు పూర్తిచేయాలని టార్గెట్. తలుపు తీసినామె చంకలో బిడ్డ ఏడుస్తోంది. సమ్మతి పత్రమేమో ఐదు పేజీలు. "వేలిముద్ర వేయకపోతే మాకిచ్చే మందులు ఆపేస్తారా బాబూ?" అని ఆమె అడిగింది. ఆపరని ఆమెకు నమ్మకం కలిగేలా చెప్పాలంటే పావుగంట కావాలి. వేలిముద్రకు పది సెకన్లు చాలు. ఆ కుర్రాడు ఏం చేయాలో పుస్తకంలో ఉంది. టార్గెట్ తగ్గించమని మర్నాడు గైడ్‌ను, అంటే తన పరిశోధనను నడిపించే పెద్దను, ఎలా అడగాలో మాత్రం ఎక్కడా లేదు. పైగా ప్రజారోగ్యంలో అన్నిటికీ సంతకాలు కుదరవు. ఊరి నీళ్లలో క్లోరిన్ కలపడానికి ఇంటింటి అనుమతి తీసుకోలేం. అలాంటప్పుడు ఎవరి మాట చెల్లాలన్నది ప్రతిసారీ వాదించుకుని తేల్చుకోవాల్సిందే.

ముందు నియమాలు వంటబట్టనివ్వండి, మిగతాది పరిశోధనకు ముందే అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ చూసుకుంటుంది, కొత్తవాళ్లకు ఎదురుచెప్పడం నేర్పితే పనులు సాగవు అనేవాళ్లున్నారు. నియమాలు తెలియాల్సిందే, కాదనను. కానీ కమిటీ చదివేది కాగితం. ఆ గుమ్మం దాకా వచ్చేది ఈ కుర్రాడే.

అతను నోరెత్తకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, టెన్షన్. ఏడాది కాంట్రాక్టు. పొడిగింపు గైడ్ చేతిలో, సిఫార్సు ఉత్తరం గైడ్ చేతిలో, పరిశోధన పేపర్లో పేరు ఉండాలో లేదో తేల్చేదీ గైడే. చాలా పరిశోధన సంస్థలు ఈ పద్ధతిలోనే నడుస్తూ, కొత్తవాళ్లలో ధైర్యం లేదని వాపోవడం వింతగా ఉంటుంది. ఉద్యోగ భద్రత లేనిచోట నైతికత గురించి ఎన్ని క్లాసులు చెప్పినా గోడకు చెప్పినట్టే.

అందుకే శిక్షణ ముందు గైడ్లకు ఇవ్వాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలి. కాంట్రాక్టు పొడిగింపు ఒక్కరి సంతకంతో తేలిపోకూడదు. నిధులిచ్చే సంస్థలు ఏటా ఒక లెక్క అడగాలి: జూనియర్ల నుంచి ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, ఎన్నింటికి రాతపూర్వకంగా జవాబిచ్చారు? సున్నా అని రాసి పంపిన చోటికి, తర్వాతి విడత డబ్బు విడుదల చేసే ముందు ఎవరైనా ఒకసారి వెళ్లి చూసి రావాలి.