కొని ఏం జేచ్చారు?

ఈ మధ్య కడపలో నేనొక పెద్ద తప్పు చేశాను. టీ కొట్టు దగ్గర, వెంచర్లు వేసే ఒక మిత్రుడి ముందు, భూముల్ని కొని అట్లే కాపాడే ల్యాండ్ ట్రస్టుల సంగతి ఎత్తాను. ఇంగ్లండులో నేషనల్ ట్రస్ట్ అని ఒకటుందనీ, 1899లో వికెన్ ఫెన్ అనే చిత్తడి నేలలో 2 ఎకరాలు 10 పౌండ్లకు కొనిందనీ చెప్పాను.

"బురదా?"

"బురదే."

"కొని ఏం జేచ్చారు సామీ?"

"ఏమీ చేయరు. అట్లే ఉంచుతారు. పిట్టలుంటాయి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "గ్రావెల్ తోలరా?"

"తోలరు."

"పోనీ, రేటు పెరిగినాక అమ్ముకుంటారులే."

ఎప్పటికీ అమ్మకూడని భూమిగా ప్రకటించుకునే అధికారం ఆ ట్రస్టుకు 1907లో పార్లమెంటే ఇచ్చిందన్నాను. సముద్రం ఒడ్డునైతే 1965 నుంచి చందాలు ఎత్తి మరీ కొంటున్నారన్నాను. "సీ ఫేసింగా!" అని ఆయన కళ్లు మెరిశాయి. అక్కడ ప్లాట్లు వేయరని తెలిశాక చావు కబురు విన్నట్టు తల దించుకున్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు: "పాపం, పిల్లల్లేరేమో?"

చిత్తడి నేల మీద మా వాడికి ప్రేమ లేదనుకునేరు. ఆయన వెంచరే చెరువులో ఉంది. పేరు లేక్ వ్యూ. పేరులో అబద్ధమేమీ లేదు, ప్లాటులో నిలబడి కాళ్ల వైపు చూసుకుంటే చాలు. ఈశాన్యంలో నీళ్లుంటే శుభమని బ్రోచర్‌లో వేయించాడు. వానాకాలంలో ఎనిమిది దిక్కులా శుభమే.

మన జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువుంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రెండేళ్ల పని. 1369 నాటి శాసనంలో చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు చెప్పి, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. అందులో ఒకటి, చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట ఉండకూడదని. ఇప్పుడేమో చెరువుల్లో టిప్పర్లతో రాత్రికి రాత్రి మట్టి తోలి, ఆ మిట్టనే సెంటు ఇంత అని అమ్ముతున్నారయ్యా! వెయ్యి మంది రెండేళ్లు మోసిన మట్టికి ఉన్న సిగ్గు కూడా లేదా మనకు? 2020లో నివర్ తుఫానప్పుడు కడప ఊళ్లో పారే బుగ్గవంక ఇళ్లలోకి వచ్చిందని అందరూ వంకనే తిట్టారు. అది తన దారిన తాను పోయింది. ఆ దారిలో సోఫాలు వేసుకున్నది ఎవరు? ఆ సోఫాలకు ప్లాను ఇచ్చింది ఎవరు? ముంపు నేలని తెలిసీ రిజిస్ట్రేషన్ చేసిన ఆ చెయ్యి ఎవరిది?

సరే, బీపీ పెరుగుతోంది.

మర్నాడు పొద్దున్నే మిత్రుడి ఫోన్. "సామీ, నిన్న చెప్పినావే, బురద కొనే ట్రస్టోళ్లు. వాళ్ల నంబరుందా? నా వెంచర్లో ఇంకా కొన్ని ప్లాట్లు మిగిలినాయి."

"ఇప్పుడు అక్కడ బురదేదయ్యా? గ్రావెల్ తోలినావుగా."

"ఒక్క వాన పడనీ."