బురద అంటని సాగు: ఒక సర్టిఫికెట్ రైతు విన్నపం

నా దగ్గర పదకొండు సర్టిఫికెట్లు ఉన్నాయి. అన్నీ ‘కొత్త రైతులకు ప్రాక్టికల్ శిక్షణ’ పూర్తి చేసినందుకు ఇచ్చినవే. ఒక మనిషి పదకొండుసార్లు కొత్త రైతు ఎలా అవుతాడని కొందరు గిట్టనివాళ్లు అడుగుతున్నారు. మధ్యలో రెండుసార్లు సాగు మొదలుపెట్టిన మాట నిజమే. కానీ అవి ఎలా ముగిశాయో చూసినవాళ్లెవరూ నన్ను పాత రైతు అనరు. కాబట్టి పన్నెండో కోర్సుకు కూడా నాకు పూర్తి అర్హత ఉంది.

ఈ మధ్య ఒక ప్రమాదకరమైన మాట చెవిన పడుతోంది. కొత్త రైతులకు శిక్షణ పొలంలోనే ఇవ్వాలట. అదీ రెండు రోజులు కాదు, విత్తనం వేసిన దగ్గర్నుంచి కోత దాకా ఇవ్వాలట. దీన్ని మొగ్గలోనే తుంచకపోతే రేపు హాల్లో కుర్చీలు ఖాళీగా పడి ఉంటాయన్న ఆందోళనతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ‘ప్రాక్టికల్’ అనే మాటకు అర్థం తేల్చుకుందాం. బొమ్మలు లేని స్లైడ్లు ఉంటే అది థియరీ. బొమ్మలు ఉంటే ప్రాక్టికల్. వీడియో కూడా ఉంటే అది ఇంటెన్సివ్ ప్రాక్టికల్, దానికి ఫీజు కొంచెం ఎక్కువ. నేను వెళ్లిన ఒక కోర్సులో స్లైడ్లు బాగా కనబడాలని కిటికీలకు మందపాటి తెరలు దించారు. మధ్యలో కరెంటు పోయింది. ఎవరో గాలి కోసం తెర తీస్తే బయట నిజం పొలం, అందులో నిజం పంట, దాని మీద నిజం పురుగులు. అందరం ఒక్క క్షణం ఇబ్బందిపడ్డాం. వెంటనే తెర మళ్లీ వేసి, కరెంటు వచ్చేదాకా చీకట్లో ఓపిగ్గా కూర్చున్నాం. అంకితభావం అంటే అది.

మట్టి నమూనా సేకరణ గురించి మాకు నలభై నిమిషాల పాటు అద్భుతంగా చెప్పారు. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ఆగాలి. పైన చెత్త తీసేసి ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని అంచు నుంచి పలచటి పొర చెక్కాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్ప దగ్గర తీయకూడదు. ఇదంతా నేను నోట్సు రాసుకున్నాను, కింద గీత కూడా గీసుకున్నాను. పొలానికి వెళ్లాక మాత్రం ఎండ ఎక్కువగా ఉంది. నీడ ఒక్క చెట్టు కిందే ఉంది. ఆ చెట్టు పక్కనే పెంటకుప్ప ఉంది. నమూనా అక్కడే తీశాను. రిపోర్టు చూస్తే కళ్లు చెమర్చాయి. సేంద్రియ కర్బనం, పోషకాలు అన్నీ పుష్కలం! ఇంత సారవంతమైన నేలకు ఎరువెందుకని ఆ ఏడాది వేయలేదు. పంట మాత్రం రిపోర్టు చదవలేదు.

మట్టి అంటే గుర్తొచ్చింది, పదును సంగతి. దుక్కి ఎప్పుడు దున్నాలని మా శిక్షకుణ్ణి అడిగితే ‘తగినంత తేమ ఉన్నప్పుడు’ అన్నారు. తగినంత అంటే ఎంత సార్ అని అడిగితే ‘మరీ ఎక్కువా కాదు, మరీ తక్కువా కాదు’ అన్నారు. ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేం అడుగుతాం? పొరుగు పొలం పెద్దాయన మాత్రం ఏ స్లైడూ లేకుండా నా చేతిలో గుప్పెడు మట్టి పెట్టి పిడికిలి బిగించమన్నాడు. ‘వేలితో పొడు బాబూ. పొడిపొడిగా రాలితే దున్ను. జిగటగా ముద్దలా ఉంటే ఇంటికెళ్లి పడుకో’ అన్నాడు. తడి మీద దున్నితే బంకనేల పెళ్లలు కట్టి రాళ్లలా ఎండుతుందట, కింద గట్టిపడి వేళ్లు దిగవట. ఇదంతా అర నిమిషంలో చెప్పేశాడు. అర నిమిషానికి సర్టిఫికెట్ ఎలా ఇస్తారు? అందుకే నేను ఆ విషయాన్ని పట్టించుకోకుండా, స్లైడ్ మీద నమ్మకంతో వాన వెలిసిన మర్నాడే ట్రాక్టర్ దింపాను. ఆ పెళ్లలు కొన్ని ఇంకా ఉన్నాయి, పేపర్లు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి పనికొస్తున్నాయి.

ఎరువుల లెక్కలో నాకు ఫస్టు మార్కు వచ్చింది. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి, 60 కిలోల నత్రజని కావాలంటే దాదాపు 130 కిలోల యూరియా వేయాలి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చేత్తో చల్లేటప్పుడు ఆ 130 కిలోలు పొలమంతా సమానంగా పడేలా చెయ్యి ఎలా ఊపాలో, అడుగు ఎంత దూరం వేయాలో మాత్రం కాలిక్యులేటర్ చెప్పదు. రెండు వారాలకు నా పొలం చారలు చారలుగా తేలింది. ఒక చార ముదురాకుపచ్చ, దాని పక్క చార పసుపు. దూరం నుంచి చూసినవాళ్లు ఇదేదో కొత్త డిజైన్ అనుకున్నారు. మందు పిచికారీ కూడా అంతే. లీటరు నీటికి ఎంత మందు కలపాలో సీసా మీద చూసుకోమన్నారు, బాగానే ఉంది. కానీ ఒకే ట్యాంకుతో ఇద్దరు నడిస్తే రెండు మోతాదులు పడతాయి. గబగబా నడిచేవాడు పలచగా కొడతాడు, ఆగి ఆగి నడిచేవాడు ఆకులు మాడ్చేస్తాడు. ముందు ఉత్త నీళ్లతో వంద చదరపు మీటర్లు నడిచి, ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయో కొలుచుకుంటే ఈ తిప్పలు ఉండవు. అలా చేయించాలంటే శిక్షణార్థుల బూట్లు తడుస్తాయి కదా! నిర్వాహకుల జాగ్రత్తను మెచ్చుకోవాలి.

ట్రాక్టర్ క్లాసులో అందరం వరుసగా సీటెక్కి ఫొటో దిగాం. ఇంజన్ శక్తిని వెనక తగిలించిన యంత్రాలకు అందించే పీటీఓ షాఫ్ట్ అనే కడ్డీ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుందనీ, వదులు చొక్కా అంచు దానికి తగిలితే మనిషి ‘అయ్యో’ అనేలోపే చుట్టేసుకుంటుందనీ, కవచం లేకుండా నడపొద్దనీ, ఇంజన్ ఆపకుండా దగ్గరికి పోవద్దనీ మాకు ఎవరూ చెప్పలేదు. ఫొటోలో నా చొక్కా బాగా వదులుగా, అందంగా ఉంది. ఇక్కడ నేను వ్యంగ్యం ఆడటం లేదు, ఈ ఒక్క విషయంలో నాకు నవ్వు రావడం లేదు.

పశువుల గురించి రెండో రోజు ఆఖరున ఒక స్లైడ్ ఉంది. ఆవు ఈనాక మొదటి కొన్ని గంటల్లోనే దూడకు ముర్రుపాలు పట్టాలి, అందులోని రక్షణ శక్తిని దూడ పేగులు మొదటి రోజు దాటాక ఇక పీల్చుకోలేవు అని అందులో రాసి ఉంది. చదివేలోపు గ్రూప్ ఫొటోకు టైమైంది. పైగా ఆవులు అర్ధరాత్రి పూట ఈనుతుంటాయి. ఆఫీసు వేళలు పాటించని జంతువులకు సిలబస్‌లో అంతకంటే చోటు ఇవ్వడం కష్టమే.

ఇక బిజినెస్ ప్లాన్. దీనికి మాత్రం పూట పూటంతా కేటాయించారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మాలో సగం మందికి భూమే లేదు గానీ అయిదేళ్ల లాభం వరకు లెక్క తేల్చేశాం. ఎక్సెల్‌లో దిగుబడి గడిలో ఒక అంకె వేసి, మూల పట్టుకుని కిందకి లాగితే ఏటా పది శాతం పెరుగుతూ పోతుంది. ఆ షీట్‌లో వాన పడదు. పడకుండా ఉండటం కూడా ఉండదు. ధర పడిపోయే గడి లేదు. ఖర్చు మొదటి రోజు నుంచే మొదలవుతుంది, డబ్బు మాత్రం కోత అయ్యి, అమ్మి, వసూలు చేసుకున్నాక వస్తుంది. ఆ మధ్య నెలల్లో ఇల్లు ఎలా గడవాలని వెనక వరుసలో ఒకావిడ అడిగింది. ‘మంచి ప్రశ్నమ్మా, టీ విరామంలో మాట్లాడుకుందాం’ అన్నారు. టీ బాగుంది.

ఇప్పుడు అసలు శత్రువు సంగతికి వద్దాం. ఈ పొలంలో శిక్షణ అనే చెడు అలవాటు ఇవాళ పుట్టింది కాదు. 1903లో అమెరికాలోని టెక్సాస్‌లో, టెర్రెల్ అనే ఊళ్లో, సీమన్ నాప్ అనే ఆయన దీనికి తెరతీశాడు. కొత్త పద్ధతులు నేర్పడానికి నిపుణులతో ప్రదర్శన క్షేత్రం నడిపించకుండా, ఒక మామూలు రైతు చేత, అతని సొంత పొలంలోనే చేయించాడు. నష్టమొస్తే ఇవ్వడానికి ఊరివాళ్లు ముందుగానే నిధి పోగు చేశారు. తీరా చూస్తే నష్టం రాలేదు, లాభమే వచ్చింది. చెవితో విన్నదాన్ని మనిషి అనుమానించవచ్చు, కంటితో చూసినదాన్నీ అనుమానించవచ్చు, తన చేత్తో చేసినదాన్ని మాత్రం అనుమానించలేడన్నది ఆయన వాదన. చూశారా ఎంత ప్రమాదమో! అనుమానం శాస్త్రీయ దృక్పథానికి పునాది. ఆ పునాది కదలకూడదనే మన కోర్సుల్లో చేత్తో ఏదీ చేయనివ్వరు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇండోనేషియాలో తగిలింది. అక్కడ వరి మీద పురుగుమందులు విపరీతంగా కొట్టడంతో, వరి రసం పీల్చే సుడిదోమ అనే పురుగును తినే సాలీళ్లు, ఇతర మిత్రపురుగులు చచ్చిపోయి, దోమ మాత్రం ఉప్పెనలా పెరిగింది. 1986లో ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. 1989లో రైతు పొలంబడులు మొదలుపెట్టారు. పాతిక మంది దాకా రైతులు వారానికోసారి పొద్దున్నే పొలంలో కలుస్తారు. పంటకాలం మొత్తం! మొక్కలు, పురుగులు, నీళ్లు, వాతావరణం గమనించి పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తారు. ఈ వారం ఏం చేయాలో, ఏం చేయక్కర్లేదో వాళ్లే వాదించుకుని తేలుస్తారు.

అందులో శిక్షకుడి ప్రవర్తన చూస్తే ఒళ్లు మండుతుంది. రైతు ఒక పురుగును పట్టి ‘ఇదేంటండీ?’ అంటే, పేరు చెప్పడు. ‘ఎక్కడ కనబడింది? ఏం చేస్తోంది? ఇంకా ఎన్ని ఉన్నాయి?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. జీతం తీసుకుంటూ ఇదేం పని? ఒక సీసాలో సాలీడునీ, సుడిదోమనీ వేసి, పైన గుడ్డ కట్టి, ఎవరు ఎవర్ని తింటారో చూడమంటారు. ఇంకా ఘోరం, బతికున్న పైరు ఆకులను కత్తెరతో సగానికి కత్తిరించమంటారు, పురుగు తిన్నంత మేర. తర్వాత కోత నాడు తూకం వేస్తే, పైరు తొలిదశలో పోయిన ఆకులను మళ్లీ వేసుకుని దిగుబడి దాదాపు తగ్గలేదని తెలుస్తుంది. ఆ తర్వాత ఆ రైతు ఆకు మీద చిల్లు కనబడగానే మందుల దుకాణానికి పరిగెత్తడు. ఒక కత్తెర ఎంతమంది వ్యాపారాన్ని దెబ్బతీసిందో ఆలోచించండి. ఈ జాడ్యం ఇప్పుడు తొంభైకి పైగా దేశాలకు పాకింది.

దీనికి విరుగుడుగా నా ప్రతిపాదన ఒక్కటే. శిక్షణ ఇవ్వాల్సింది రైతుకు కాదు, పంటకు. టమాటా నాటిన రెండున్నర నెలలకు కాయ కోతకొస్తే, కోర్సు రెండు రోజుల్లో ఎలా సరిపోతుంది? ముల్లంగి లాంటి తొందరపడే పంటకు కూడా మూడు నాలుగు వారాలు కావాలట! ఇంత బద్ధకాన్ని ఎన్నాళ్లు సహిస్తాం? విత్తనం మొదటి రోజు ఉదయం పది గంటలకు మొలకెత్తాలి, భోజనానికి ముందు పూత రావాలి. చీడ పదో స్లైడ్‌లో పట్టాలి, పదకొండో స్లైడ్‌లో పోవాలి. తెగుళ్లు వారాంతాల్లో రాకూడదు. గాలివాన వచ్చేటట్టయితే ముందుగా నిర్వాహకులకు మెయిల్ పెట్టాలి. పంట ఈ క్రమశిక్షణకు ఒప్పుకునేదాకా పాఠం పొలంలోకి పోవడానికి వీల్లేదు.

పొరుగు పెద్దాయనకు ఇది చెబితే చాలాసేపు నా మొహం చూశాడు. ఆయనకు తను పోగొట్టుకున్న పంటలన్నీ గుర్తున్నాయి, ఏ ఏడు ఏది ఎందుకు పోయిందో వరుసగా చెప్పాడు. ఒకసారి విత్తనం పరీక్షించకుండా వేశాడట. అప్పట్నుంచీ వేసే ముందు వంద గింజలు తడి గుడ్డలో చుట్టిపెట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టుకుంటాడట. ‘రేపటి నుంచి నాతోపాటు దిగు, ఈ పంట కోసేదాకా ఉండు’ అన్నాడు. సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగాను. పార ఇచ్చాడు. పార మీద నా పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. మర్యాదగా తిరిగి ఇచ్చేశాను. మొన్న నేనూ వంద గింజలు తడి గుడ్డలో పెట్టాను గానీ, పదకొండో కోర్సుకు వెళ్లి వచ్చేసరికి గుడ్డ ఎండిపోయింది.

ఆ కోర్సు మాత్రం దివ్యంగా జరిగింది. రెండో రోజు సాయంత్రం అభిప్రాయ పత్రం ఇచ్చారు. హాలు ఎలా ఉంది, మైకు వినబడిందా, భోజనం వేళకు అందిందా, ఫైలు నచ్చిందా? అన్నిటికీ ‘అత్యుత్తమం’ దగ్గర టిక్కు పెట్టాను. పంట ఎలా వచ్చిందన్న ప్రశ్న అందులో లేదు, పెట్టినా అప్పటికి ఎవరం ఏమీ వేయలేదు కాబట్టి రాయడానికీ ఏమీ ఉండదు. చివర సలహాల కోసం నాలుగు గీతలు వదిలారు. చాలాసేపు ఆలోచించి, వచ్చేసారి కిటికీ తెరలు ఇంకాస్త మందంగా ఉంటే బాగుంటుందని రాశాను.