అచ్చేసిన అబద్ధానికి అనుమతి, చెరిగిన నిజానికి చెత్తబుట్ట

మొన్న ఒక విమానాశ్రయంలో భద్రతా తనిఖీ లైన్లో నా ముందు ఒక పెద్దాయన. ఆయన పవర్ బ్యాంకు బాగా వాడినది, సంచిలో రాపిడికి వెనక అక్షరాలన్నీ అరిగిపోయాయి. సిబ్బంది దాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశారు. సామర్థ్యం చెప్పే అంకె కనబడలేదు, డబ్బాలో పడేశారు. ఆ వెనకే ఒక కుర్రాడిది, ఎప్పుడూ పేరు వినని కంపెనీది, సబ్బుబిళ్ల కన్నా కాస్త పెద్దది. దాని మీద బంగారు రంగులో 20000 ఎంఏహెచ్. దర్జాగా విమానం ఎక్కింది.

పవర్ బ్యాంకు నియమాల్లో డొల్లతనమంతా ఆ రెండు నిమిషాల్లోనే కనిపించింది. బ్యాటరీలో పట్టే శక్తి 100 వాట్ అవర్ల లోపైతే సరే, 160 దాకా ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, ఆపైన కుదరదు. చెకిన్ లగేజీలో వేయనే కూడదు. పవర్ బ్యాంకుతో విమానంలో ఫోన్ చార్జింగ్ పెట్టొద్దని, దాన్ని తలపై అరల్లో ఉంచొద్దని 2025 నవంబర్ సర్క్యులర్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా చెప్పింది. అంతకు ముందు నెలలోనే ఢిల్లీలో దిమాపూర్ విమానం కదులుతుండగా సీటు జేబులో ఒకటి అంటుకుంది. అదే ఏడాది జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో, పవర్ బ్యాంకే కారణమని అనుమానించిన మంటల్లో, ఎయిర్ బుసాన్ విమానమే కాలిపోయింది. 176 మందీ బతికి బయటపడ్డారు.

గాల్లో నిప్పు పుడితే దిగి పారిపోలేం కదా, మార్కెట్ బాగుపడేదాకా ఆగుతామా అంటారు. నిజమే. పవర్ బ్యాంకు కంటికి కనబడేచోట ఉండాల్సిందే, చార్జింగ్ మానాల్సిందే. అందులో నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఆ అచ్చుతోనే. 20000 ఎంఏహెచ్‌ని సెల్ వోల్టేజీ 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. అంత శక్తి పట్టాలంటే వేలెడంత గుండ్రటి లిథియం సెల్స్ కనీసం ఆరు కావాలి. ఒక్కోటీ 45 గ్రాముల పైమాటే. అంటే పైడొప్ప, సర్క్యూట్ లెక్కేయకుండానే పావుకిలో దాటాలి. 150 గ్రాములు తూగే వస్తువు మీద 20000 అని ఉంటే అది అబద్ధం. అంకెలో అబద్ధమాడినవాడు సెల్స్‌లో మాత్రం నిజాయతీగా ఉంటాడా? నిప్పు పుట్టేది అంకెలోంచి కాదు, లోపలి నాసిరకం సెల్ లోంచి. హ్యాండ్ బ్యాగ్ ఏడు కిలోలు దాటిందో లేదో చూడటానికి త్రాసు ఉంది. పవర్ బ్యాంకు మాత్రం దానిమీదకు ఎక్కదు!

చైనా ఏం చేసిందో చూడండి. 2025 జూన్ 28 నుంచి 3సీ ముద్ర (అక్కడి తప్పనిసరి భద్రతా ధ్రువీకరణ) లేనివాటిని, కంపెనీలు వెనక్కి పిలిచిన మోడళ్లను దేశీయ విమానాల్లోకి రానివ్వలేదు. అదే నెలలో అక్కడ రోమోస్ 4.9 లక్షలు, యాంకర్ 7.1 లక్షల పవర్ బ్యాంకుల్ని వెనక్కి పిలిచాయి. అక్కడ చెమట పట్టింది కంపెనీలకు.

మన దగ్గర చెమట ఎప్పుడూ కొన్నవాడికే. హెల్మెట్ సంగతే తీసుకోండి. ఐఎస్ఐ మార్కు లేని ప్లాస్టిక్ టోపీలు రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్ముతారు. చలానా మాత్రం బండి నడిపేవాడికి. క్యారీబ్యాగుల నిషేధమూ అంతే, జరిమానా కూరగాయల బండికి, ఫ్యాక్టరీకి కాదు. చివర్న సులువుగా దొరికేవాడి మీద ప్రతాపం చూపించి చట్టం అమలైందని రాసుకోవడం మన యంత్రాంగానికి అలవాటైపోయింది.

కొత్త చట్టమేమీ అక్కర్లేదు కూడా. పవర్ బ్యాంకుకు, మన దేశంలో నాణ్యతా ప్రమాణాలు చూసే బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ ఎప్పట్నుంచో తప్పనిసరి. ప్రతిదాని మీదా ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నంబరు ఎవరి పేరున ఉందో, అసలు చెల్లుతుందో లేదో అర నిమిషంలో తేలుతుంది. ఆ అర నిమిషం పని గోదాములో సరుకు దిగేటప్పుడు, ఆన్‌లైన్ సైట్లు అమ్మకానికి పెట్టేటప్పుడు ఎందుకు జరగడం లేదో డీజీసీఏని కాదు, బీఐఎస్‌ను నడిపే వినియోగదారుల వ్యవహారాల శాఖను అడగాలి.