నెహ్రూ జయంతిని సాగర్ కట్ట మీద జరపాలి

నవంబర్ 14 వచ్చిందంటే నల్లగొండ జిల్లా బడుల్లో నెహ్రూ చిత్రపటానికి పూలమాల వేస్తారు, పిల్లలకు ఆటల పోటీలు పెడతారు, మధ్యాహ్నానికల్లా కార్యక్రమం ముగుస్తుంది. పిల్లల పండుగను నేను తప్పుపట్టడం లేదు. కానీ తొలి ప్రధాని ఆశయం ఎంతవరకు నెరవేరిందో, ఎక్కడ ఆగిపోయిందో కళ్లకు కట్టే నాగార్జునసాగర్‌ను మన జిల్లాలోనే ఉంచుకొని, ఆయన జయంతిని గులాబీ పువ్వుతో సరిపెట్టడం పెద్ద లోటు.

నల్లగొండకూ నెహ్రూకూ బంధం సాఫీగా మొదలుకాలేదు. తెలంగాణ సాయుధ పోరాట విరమణ జరిగిన కొద్ది నెలలకే వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఇక్కడి ఓటర్లు కమ్యూనిస్టులు పోటీచేసిన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థి రావి నారాయణరెడ్డిని గెలిపించారు. ఆయనకు పడిన ఓట్లు స్వయంగా నెహ్రూకు పడినవాటికంటే ఎక్కువ. తన పార్టీని కాదన్న ఆ జిల్లాకే నెహ్రూ 1955 డిసెంబర్ 10న వచ్చి, నందికొండ దగ్గర సాగర్‌కు శంకుస్థాపన చేసి, ఇది మానవాళి కోసం కడుతున్న ఆలయమని అన్నారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులుగా మారాయి. ఆ మేలును చిన్నచేసి మాట్లాడటం అన్యాయం.

అయితే ఆ ఆలయాన్ని ఎవరు కట్టారు? యంత్రాలూ సిమెంటూ కరువైన కాలంలో, మనుషుల చేతుల మీదనే లేచిన రాతి కట్టడం అది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లాపాపలతో గుంపులుగా ఊరు విడిచి, 'పాలమూరు లేబర్' అన్న పేరుతో దేశమంతటా ప్రాజెక్టులకు రాళ్లూ మట్టీ మోసిన మహబూబ్‌నగర్ కూలీలు సాగర్‌లోనూ పనిచేశారు. వారి సొంత చెలకలు మాత్రం వానను నమ్ముకొనే మిగిలాయి. వాలును బట్టి పారే కాలువ ఎత్తు మీది పొలాలకు ఎక్కదు కాబట్టి నల్లగొండలోనే దేవరకొండ, మునుగోడు వైపు భూములు ఎండే ఉన్నాయి. మర్రిగూడ, నాంపల్లి పల్లెలు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగి, పిల్లల కాళ్లు వంకర్లు పోవడం చూశాయి.

ఇక్కడే నెహ్రూ మరో మాట గుర్తుచేసుకోవాలి. 1958 నవంబర్‌లో, సాగర్ ఇంకా కడుతుండగానే, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ బోర్డు సమావేశంలో ఆయన, భారీవాటి మీద మోజు మనకొక జబ్బుగా మారుతోందేమోనని శంకించారు. దేశం రూపు మార్చేవి చిన్న నీటి పథకాలూ చిన్న పరిశ్రమలేనని కూడా అన్నారు. గొలుసుకట్టు చెరువుల మీద బతికిన తెలంగాణకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంటుంది? అయినా ఆలయం మాటే పాఠాల్లోకి ఎక్కింది. తాను శంకుస్థాపన చేసిన దారినే మూడేళ్లు తిరగకముందు బహిరంగంగా ప్రశ్నించుకోగలిగిన నాయకుడు నాకు మరింత గౌరవనీయుడు.

అందుకే ఈ నవంబర్ 14న మర్రిగూడ, నాంపల్లి బడి పిల్లలను బస్సెక్కించి సాగర్‌కు తీసుకెళ్లాలి. 1955 నాటి మాటనూ 1958 నాటి మాటనూ పక్కపక్కన పెట్టి చదివించాలి. ఆ పక్కనే, రాళ్లెత్తిన పాలమూరు పల్లెల పేర్లు చెక్కిన ఒక శిలాఫలకం ఉండాలి.