పన్నెండా, పుంజీలా?

మా అమ్మాయి ఒక భాష తయారుచేస్తోంది, తను రాస్తున్న కథ కోసం. అందులో జనం పడవల మీదే పుట్టి పడవల మీదే పోతారు. మాటలు కొన్ని అయ్యాయి, వ్యాకరణం కొంత అయింది, అంకెల దగ్గర బండి ఆగింది, ఎన్నేసి చొప్పున లెక్కపెట్టాలో తేలక. మా నాన్న లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో, కుర్సుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల, గోడ మీద ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో నేను, మురీ మిక్చర్ పొట్లంతో. నా ఓటు మా అమ్మాయికే, ముందే చెప్పేస్తున్నాను. అలాగని నాన్న అన్నవేవీ దాచలేదు.

నాన్న: పన్నెండు పెట్టుకో అమ్మలూ. చెయ్యి ఇలా పట్టు. బొటనవేలు వదిలెయ్. మిగతా నాలుగు వేళ్ళకీ మూడేసి కణుపులు. బొటనవేలితో ఒక్కోటీ తాకుతూ పో. పన్నెండు వచ్చిందా? దాన్ని రెండు భాగాలు చెయ్యొచ్చు, మూడు చెయ్యొచ్చు, నాలుగు, ఆరు కూడా. అదే పదిని మూడు భాగాలు చెయ్యబోతే మూడు పాయింట్ మూడు మూడు మూడు అంటూ తెల్లారేదాకా రాస్తూ కూర్చోవాలి.

అమ్మాయి: మావాళ్ళకి మూడో వంతుతో పనేముంది తాతయ్యా?

నాన్న: పడవకో వాటా, వలకో వాటా, మనుషులకో వాటా. పంచుకునేటప్పుడు తెలుస్తుంది పనేముందో.

(తగిలింది. పిల్ల కాసేపు పొట్లంలో పల్లీలు ఏరుకుంది.)

అమ్మాయి: సరే, పంచుకోవాలి. పంచుకునే ముందు లెక్కపెట్టాలి కదా? మొన్న పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. ఒకావిడ ఈ చేత్తో రెండు, ఆ చేత్తో రెండు చేపలు పట్టి గంపలో వేస్తోంది. వేసినప్పుడల్లా ఒక అంకె అంటోంది. అది చేపల లెక్క కాదు, ఎన్నిసార్లు వేసిందో ఆ లెక్క. మావాళ్ళూ అంతే.

నాన్న: దాన్ని పుంజీ అంటారు. నాలుగైతే ఒక పుంజీ. ఎవరింట్లో పేరంటానికైనా జనం పలచగా వస్తే, "పుంజీడు మంది లేరు" అనేది మా అమ్మ.

అమ్మాయి: చూశావా! ఇప్పుడు పుంజీకో వేలు ముడుచుకుంటూ పోతే, చెయ్యి నిండేసరికి ఇరవై. అక్కడ కొత్త మాట. ఆపైన ఇరవైల మీదే పోతారు.

నాన్న: ఒకచోట నాలుగు, ఒకచోట ఇరవై. ఏమిటీ కలగాపులగం? ఖాళీ స్థలంలో సొంతిల్లు కట్టుకుంటూ కావాలని మెట్లు వంకరగా కట్టుకుంటావా? ఎస్పెరాంటో భాష చూడు. జామెన్‌హాఫ్ అనే ఆయన ఒక్కడే కూర్చుని చేసి 1887లో బయటపెట్టాడు. రెండు అంటే దు, పది అంటే దెక్. ఇరవై? దుదెక్. పదకొండు? దెక్ ఉను. పదకొండు మాటలొస్తే 999 దాకా గడగడా చెప్పెయ్యొచ్చు. అంతెందుకు, తెలుగులో ఎనభై తొమ్మిది అంటే ఎంతో టక్కున చెప్పు.

అమ్మాయి: ఎయిటీ... ఆగు... ఎయిటీ నైన్.

నాన్న: ఉన్న అంకెలు రావు గానీ కొత్తవి చేస్తుందట!

అమ్మాయి: నువ్వు ఫోన్ నంబర్ ఎలా చెప్తావు? డబుల్ ఫోర్, ట్రిపుల్ టూ అనవూ?

నాన్న: అది ఫోను. లెక్క కాదు. నా ఎక్కాలు తెలుగులోనే వస్తాయి.

అమ్మాయి: నావి ఇంగ్లిష్‌లో వస్తాయి. అది నా తప్పా? నన్ను ఆ స్కూల్లో వేసింది నాన్న.

(ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను సముద్రం వైపు తిరిగాను.)

అమ్మాయి: అసలు విషయానికి రా తాతయ్యా. ఎస్పెరాంటో ఎవరికోసం? ఒకరి భాష ఒకరికి రానివాళ్ళు తొందరగా నేర్చుకోవాలని. నా భాష ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. వీళ్ళు వెయ్యేళ్ళ నుంచి ఇలాగే మాట్లాడుకుంటున్నారని చదివేవాళ్ళకి అనిపించాలి, అంతే. వెయ్యేళ్ళు జనం నోట్లో నానిన అంకెలు తిన్నగా ఎక్కడున్నాయో చూపించు. ఫ్రెంచివాళ్ళు ఎనభైని నాలుగిరవైలంటారు. అంత దూరం వద్దు, మన శ్రీకాకుళం కొండల్లో సవరలున్నారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారే, ఆ భాషే. పన్నెండు దాకా వేరే వేరే మాటలు. తర్వాత పన్నెండున్నొకటి, పన్నెండున్రెండు, అలా పన్నెండున్నేడు దాకా. అంటే మన పంతొమ్మిది. ఆ తర్వాత ఇరవై. ముప్ఫై మూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి.

నాన్న: పన్నెండు! నేను మొదట్నుంచీ అంటున్నదేమిటి?

అమ్మాయి: పూర్తిగా విను. ఇరవై నాలుగుని వాళ్ళు రెండు పన్నెండులు అనరు. ఇరవై, నాలుగు, అంతే. ఏ లెక్కల మాస్టారైనా ఇలా కడతాడా? కట్టడు. జనం కట్టుకున్నారు. ఇంకోటి, నువ్వు చెప్పిందే. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మీ నాన్న ఒకటి అనేవారు కాదు. లాభం, రెండు, మూడు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని ఆరున్నొకటి. ఆ లెక్కలో ఆశ ఉంది, భయం ఉంది. నీ పన్నెండులో ఏముంది? భాగహారం.

నాన్న: నీకు ముచ్చటగానే ఉంటుంది, మోసినదానివి కాదు కాబట్టి. నా చిన్నప్పుడు రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు. బస్తా మూడు రూపాయల ఏడణాల తొమ్మిది పైలు, ఏడు బస్తాలెంత? తొమ్మిదేళ్ళు అరవై మూడు పైలు, పన్నెండు పెట్టి భాగిస్తే అయిదణాలు, మిగిలినవి మూడు. ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఆ అయిదూ కలిపితే యాభై నాలుగణాలు, ఇప్పుడు పదహారు పెట్టి భాగించు. మూడు రూపాయలు పోగా ఆరణాలు. మొత్తం ఇరవై నాలుగు రూపాయల ఆరణాల మూడు పైలు. మధ్యలో ఎక్కడ తప్పినా బెత్తం. ఇదిగో, ఈ వేలి కణుపు మీద పడేది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలొచ్చాయి, రూపాయికి వంద. మా తమ్ముడికి ఆ దెబ్బలు తప్పాయి. ఇవాళ పదహారణాల తెలుగుదనం అని అందరూ మురిసిపోతారు గానీ, ఆ అణాలు పోయాయని ఏడ్చినవాణ్ణి నేను ఒక్కణ్ణి చూడలేదు. ఇంకో మాట. సవరలు ఆ లెక్కని అందానికి పెట్టుకోలేదు. ఏదో అవసరానికి వచ్చింది, ఉండిపోయింది. నువ్వు అందానికి పెడుతున్నావు. మొహం మీద నిజంగా పడ్డ గాటు వేరు, నాటకంలో ఎర్ర రంగుతో గీసుకున్న గాటు వేరు.

(దీనికి నా దగ్గరా జవాబు లేదు. పొట్లం ఖాళీ అయింది.)

అమ్మాయి: నేను రాసేది నాటకం లాంటిదే కదా తాతయ్యా. గాటు ఎందుకు పడిందో తెలిసి గీస్తే చాలు. పుంజీ ఎందుకొచ్చిందో నాకు తెలుసు. రెండు చేతులు, చేతికి రెండు చేపలు.

నాన్న: ఆ నాలుగుకి ఏం మాట పెట్టావు?

అమ్మాయి: ఓరుమేసి.

నాన్న: నాలుగక్షరాలా? చేపలు విసురుతున్న మనిషికి అంత ఊపిరెక్కడిది? రెండు చాలు. మాటిమాటికీ అనే అంకె పొట్టిగా ఉండాలి.

అమ్మాయి: అయితే ఓరు. అయిదుకి మేసి వాడుకుంటాను.

నాన్న: మరి ఒకటికి?

అమ్మాయి: ఇంకా పెట్టలేదు.

నాన్న: పెట్టకు. మొదటి చేపని వీళ్ళు లెక్కలో వెయ్యరు. తిరిగి సముద్రంలోకే వదిలేస్తారు. చేపలు అయిపోకూడదని.

అమ్మాయి: అప్పుడు పట్టిన చేపల లెక్క రోజూ ఒకటి తక్కువొస్తుంది కదా?

నాన్న: రానీ.