సవరణ: కేటాయింపు వేరు, ఖర్చు వేరు

బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లల సేవలకు తెలంగాణ రాష్ట్రం ఎంత ఖర్చు పెడుతోందో పోయిన వారం రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

బడ్జెట్ అంచనాల గడిలోని అంకెను ఖర్చుగా రాసేశాను. అది కేటాయింపు మాత్రమే. తర్వాత సవరించిన అంచనా వస్తుంది, అసలు ఖర్చు రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో 'లెక్కలు' అనే గడిలో కనిపిస్తుంది. పెన్సిల్‌తో గీత గీసుకుని మరీ పక్క గడి చూశాను!

రెండోది, దివ్యాంగుల పింఛను మొత్తాన్నీ ఈ పిల్లల పద్దులో కలిపేశాను. 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలైన ఆ పింఛను అన్ని రకాల వైకల్యాలకూ వర్తిస్తుంది. పైగా అది సేవ కాదు, నగదు. హన్మకొండలో మా పక్కింటి వదినకు అందులో సగం థెరపీకి వెళ్లొచ్చే ఆటోకే పోతోంది.

పాత మొత్తాన్ని తీసేశాను.