హద్దు మీద బయటపడే డీజిల్ రేటు

బంకులో ఎవరైనా "రెండు లీటర్లు కొట్టు" అనడం విని ఎన్నాళ్లయింది? నల్లగొండైనా పాలమూరైనా, వందకు కొట్టు, రెండొందలకు కొట్టు, అంతే. బాయ్ "జీరో చూస్కోండి సార్" అంటాడు, చూస్తాం, వంద దగ్గర మిషన్ ఆగుతుంది, పోతాం. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో నిలిచిన పెట్రోల్ రేటు లీటరుకు 107.41. ఆ లెక్కన వందకు లీటరు కూడా రాదు, 930 మిల్లీలీటర్లు వస్తుంది. రేటు పెరిగినా జేబులోంచి పోయేది అదే వంద కాబట్టి మనకు చురుక్కుమనదు, బండి మాత్రం ఒకరోజు ముందే రిజర్వులో పడుతుంది.

రేటు కళ్లకు కట్టినట్టు కనబడాలంటే 167వ నంబర్ హైవే ఎక్కాలి. రాయచూరు నుంచి కృష్ణా బ్రిడ్జి దాటి మక్తల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మిర్యాలగూడ మీదుగా కోదాడ దాకా పోతుంది ఈ రోడ్డు. ఒక కొసన కర్ణాటక, ఇంకో కొసన ఆంధ్ర. రాయచూరు వైపు పోయే లారీ డ్రైవర్ మక్తల్‌లో ఫుల్ ట్యాంక్ ఎందుకు కొట్టిస్తాడు? 2025లో చూస్తే బ్రిడ్జి అవతల డీజిల్ లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ, మూడొందల లీటర్ల ట్యాంకు మీద పన్నెండు వందల పైచిలుకు మిగులుతుంది. (బైకుల వాళ్లు అంత దూరం పోతే మిగిలేది దారిలోనే కాలిపోతుంది, అది వేరే సంగతి.) కోదాడ దగ్గర కథ తిరగబడుతుంది. ఆంధ్రలో డీజిల్ మీద రాష్ట్రం వేసే పన్ను, అదే వ్యాట్, 22.25 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు అదనం, ఆపైన రూపాయి రోడ్డు సెస్సు. అందుకే అటు పోయే బండ్లు ఇక్కడే నింపుకుంటాయి.

డీజిల్ అదే, కంపెనీలు అవే, తేడా అంతా పన్నుది. మన తెలంగాణలో వ్యాట్ పెట్రోల్ మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఈ రేట్లు 2015 జనవరిలో పెట్టినవి. 2021 నవంబర్‌లో కేంద్రం తన పన్ను ఎక్సైజ్ తగ్గించి రాష్ట్రాలనూ తగ్గించమంటే, మేం పెంచిందే లేదు, ఎందుకు తగ్గిస్తామని అప్పటి కేసీఆర్ సర్కారు తేల్చి చెప్పింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, శాతాలు మారలేదు. కర్ణాటక 2024 జూన్‌లో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో ఇంకోసారి డీజిల్ మీద పన్ను పెంచింది, అయినా 21.17 శాతం దగ్గరే ఉంది.

కేంద్రం తక్కువ తిన్నదేం కాదు. 2017 జూన్ నుంచి రోజువారీ రేట్లన్నారు. క్రూడ్, అంటే ముడి చమురు, పెరిగినప్పుడు ఆ రోజువారీ సవరణ భలే పనిచేసింది. 2025 ఏప్రిల్‌లో క్రూడ్ దిగిరాగానే లీటరుకు రెండు రూపాయలు ఎక్సైజ్ పెంచుకుని, బంకు రేటు కదలకుండా చూసుకున్నారు. పెట్రోల్, డీజిల్‌ను జీఎస్టీలోకి తెస్తారన్న ఆశ నాకైతే లేదు, కేంద్రం, రాష్ట్రాలు ఇద్దరికీ ఇష్టం లేని పెళ్లి అది.

నా గోలంతా డీజిల్ గురించే. హద్దు దగ్గర 27 శాతం పెట్టుకుంటే లారీ అవతల నింపుకుంటుంది, ఆ లీటర్ల మీద మనకొచ్చే వ్యాట్ సున్నా, మక్తల్ బంకు ఓనర్‌కు బేరమూ లేదు. అవతలికి పోలేనివాళ్లే మొత్తం మోస్తున్నారు. నల్లగొండ జిల్లా హాలియాలో దున్నే ట్రాక్టర్ రాయచూరుకు పోదు కదా. ఆ ట్రాక్టర్ ఓనర్ తన డీజిల్ ఖర్చును గంట కిరాయిలో కలుపుతాడు, కోత మిషన్ వాడూ అంతే చేస్తాడు. వడ్లు అమ్ముకునేటప్పుడు ఆ పైసలు కలిపి అడిగే దారి రైతుకు లేదు, కాంటా దగ్గర రేటు ముందే రాసి ఉంటుంది.